మూడో పేజీ, ఏడో వరుస

మడిచేటప్పుడు చదవకూడదు. బైండింగులో చేరినవాళ్ళకి మొదటిరోజు నేర్పే పాఠం అదే. చదివితే కన్ను అక్షరం వెంట పోతుంది, చెయ్యి కన్ను వెంట పోతుంది, మడత ఇంకెక్కడికో పోతుంది. చిన్నదానికి ఈ పాఠం పదహారో ఏట వాళ్ళ అమ్మే నేర్పింది. అలా నేర్పిన మనిషి తను మాత్రం ముప్పై నాలుగేళ్ళపాటు మడుస్తూ చదివింది, చదువుతూ మడిచింది. ఒక్క మడత కూడా వంకర పోనివ్వలేదు. ఆవిడ సంగతి వేరు.

చిన్నది అంటే నిజంగా చిన్నదేమీ కాదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఇంట్లో రెండో బిడ్డ కాబట్టి ఆ పేరు పడింది, పడ్డ పేరు ఇక ఊడలేదు. ప్రెస్సు ఓనరు దగ్గర్నుంచి టీ తెచ్చేవాడి దాకా అందరికీ ఆమె చిన్నదే, చిన్నక్కే.

గురువారం పొద్దున అచ్చుగదిలోంచి రెండు వందల ఫారాలు ఆమె బల్ల మీదికి వచ్చాయి. ఫారం అంటే పదహారు పేజీలూ అచ్చయిన ఒకే పెద్ద కాగితం. మూడుసార్లు మడిచి, నడిమధ్య మూడు చిల్లులు పొడిచి దారం లాగితే చిన్న పుస్తకం అవుతుంది. ఇలాంటివి ఆమె వేలకి వేలు చేసింది. కానీ ఇది అమ్మ పుస్తకం. అమ్మ పోయి ఇరవై రోజులైంది. ఆదివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో అయినవాళ్ళంతా కలిసి ఆవిణ్ణి తలుచుకోవాలనీ, వచ్చినవాళ్ళ చేతిలో ఆవిడ గురించి ఒక చిన్న పుస్తకం పెట్టాలనీ అన్నయ్య అనుకున్నాడు. రాసింది అన్నయ్య. అచ్చువేసింది అమ్మ పనిచేసిన ప్రెస్సు. కుట్టేది చిన్నది. ఏర్పాటు ఇంతకంటే సవ్యంగా ఉండదని ఆమె కూడా మురిసిపోయింది.

మొదటి ఫారం పరిచి, నాలుగు అంచులూ అరచేత్తో నిమిరింది. మడతని రుద్ది నొక్కే పలక చేతిలోకి తీసుకుంది. అది అమ్మ వాడిన పలకే. బొటనవేలు ఆనే చోట గుంటపడి నున్నగా మెరుస్తుంది. చదవకూడదు అనుకుంటూనే చదివింది. అమ్మ పుస్తకం కదా, చదవకుండా ఎలా ఉంటుంది?

మూడో పేజీలో ఏడో వరుస దగ్గర పలక ఆగిపోయింది.

"ఏమే, ఫారం పట్టుకుని అలా బొమ్మలా నిలబడ్డావు?" అంది పక్క బల్ల మీంచి జిగురత్త.

జిగురత్త ఎవరికీ అత్త కాదు. యాభై ఏళ్ళ నుంచి అట్టలకి జిగురు రాస్తూ ఉండిపోవడం వల్ల ఆ పేరు స్థిరపడింది. డెబ్బై దాటినా, ఇంట్లో కూర్చుంటే కీళ్ళు పట్టేస్తాయని రోజూ వస్తుంది. అమ్మ పనిలో ఉన్న రోజుల్లో ఇద్దరిదీ పక్క పక్క బల్ల.

"చదువు అత్తా."

"నా కళ్ళజోడు పొద్దున్నే జిగురులో పడింది. నువ్వే చదివి చెప్పు."

చిన్నది చదివింది. "'జీవితమంతా ఆమె గృహిణి. ఇల్లే ఆమె లోకం. ప్రేమగల తల్లి, మనవలకు ముద్దుల నానమ్మ.'"

జిగురత్త కుంచె డబ్బాలో పెట్టింది. "ఎవరి గురించి?"

"అమ్మ గురించే."

"మీ అమ్మ గురించేనా? నా పక్కన కూర్చుని ముప్పై నాలుగేళ్ళు కుట్టినావిడ గురించేనా?" ముసలామె అటూ ఇటూ చూసి, అమ్మ కూర్చునే ఎత్తుపీట వైపు చూసింది. "అయితే ఇక్కడ కూర్చున్నది ఎవరు? దయ్యమా?"

చిన్నది పదహారు పేజీలూ గాలించింది. అమ్మ చిన్నతనం ఉంది. పిల్లల చదువులు ఉన్నాయి. అమ్మ ఉతికి ఆరేసిన బట్టల మడతల గురించి కూడా ఉంది. బైండింగు మాట, సూది మాట, దారం మాట ఎక్కడా లేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ ఫారం పట్టుకుని నేరుగా ఓనరు గదిలోకి వెళ్ళింది.

ఓనరు కుర్రాడే. వాళ్ళ నాన్న హయాంలో అమ్మ ఒళ్ళో ఆడుకున్నవాడు. ఫారం చూసి తల గోక్కున్నాడు. "ప్రూఫు మీద మీ అన్నయ్యగారి సంతకం ఉంది కదక్కా. హెడ్మాస్టరుగారు, ఎర్ర పెన్నుతో కామాలు కూడా దిద్ది పంపారు. నేనేం అనుకుంటాను?"

"మళ్ళీ వెయ్యి."

"పెద్ద మిషను మీద స్కూలు పుస్తకాలు ఎక్కాయి. సోమవారం దాకా దిగవు. చిన్న మిషను కార్డులకే సరిపోతుంది, ఫారం పట్టదు. నన్ను ఏం చెయ్యమంటావు చెప్పు."

చెయ్యడానికేమీ లేదని ఆమెకీ తెలుసు. వెనక్కి వచ్చి, ఫారాల దొంతరని బోర్లించి పక్కన పెట్టేసింది. ఆ రోజంతా స్కూలు పుస్తకాలే మడిచింది. ఎంత కోపంగా మడిచిందంటే, ఒక్కో మడత పిడిగుద్దులా వినబడిందని జిగురత్త తర్వాత చెప్పింది.

*

సాయంత్రం పనైపోగానే ఇంటికి వెళ్ళకుండా అన్నయ్య ఇంటికి వెళ్ళింది. ముందుగదిలో బల్ల దగ్గర అన్నయ్య నిటారుగా కూర్చుని హాల్లో కుర్చీల వరసలు కాగితం మీద గీస్తున్నాడు. వచ్చే ఏడాది రిటైరయ్యే హెడ్మాస్టరు. ఇంట్లో కూడా పిల్లలెవరో లేచి నిలబడతారేమో అన్నట్టుంటాడు. ఆయన కూతురు పిట్ట నేల మీద కూర్చుని అమ్మ ఫోటోలు ఏరుతోంది. ఇరవై ఏళ్ళ పిల్ల. చిన్నప్పుడు మూడు ముద్దలు తిని లేచిపోయేదని నానమ్మే పెట్టింది ఆ పేరు.

"అన్నయ్యా, ఇదేమిటి?" ఫారం బల్ల మీద పరిచింది చిన్నది.

"బాగా వచ్చిందే అచ్చు," అన్నాడాయన. "మార్జిన్లు సమానంగా ఉన్నాయి."

"మార్జిన్లు నా మొహం. ఏడో వరుస చదువు."

ఆయన చదవలేదు. ఏముందో ఆయనకి తెలుసు. "గృహిణి అంటే తిట్టా ఏమిటే?"

"తిట్టు కాదు, అబద్ధం. గృహిణి పనీ చేసింది, కాదనను. పొద్దున నాలుగింటికి లేచి మనందరికీ వండిపెట్టి, ఎనిమిదింటికల్లా సూది పట్టుకునేది. నువ్వు చదివిన ప్రతి పుస్తకమూ అమ్మ కుట్టిందే. నాన్న గుమాస్తా అని చెప్పుకోవడానికి నీకు నామోషీ లేదు, కుట్టుపనామె కొడుకునంటే వచ్చిందా?"

పిట్ట ఫోటోలు ఏరడం మానేసి తలెత్తింది. అన్నయ్య పెన్సిలు బల్ల అంచుకి సమాంతరంగా పెట్టాడు. మళ్ళీ సర్దాడు. "నామోషీ కాదు."

"మరేమిటి?"

"అమ్మకి అదే ఇష్టం."

"అమ్మ నీకు కల్లోకొచ్చి చెప్పిందా?"

"అది అలాగే ఉంటుంది చిన్నీ. మార్చేది లేదు." ఆ గొంతు బళ్ళో గంట కొట్టాక వినబడే గొంతు. దాని తర్వాత ఎవరూ మాట్లాడరు. కానీ చిన్నది ఆయన బళ్ళో చదువుకోలేదు.

"నేనూ అదే పని చేస్తున్నాను అన్నయ్యా. ముప్పై రెండేళ్ళుగా. రేపు నేను పోతే నా గురించి కూడా ఇల్లే ఆమె లోకం అని రాసేస్తావా?" ఏడవకూడదని గట్టిగా అనుకుని వచ్చింది, ఆ కాస్తా నిలబెట్టుకోలేకపోయింది. "అయితే ఆ పుస్తకం నువ్వే కుట్టుకో. నా చేత్తో ఆ అబద్ధానికి ముడి వెయ్యను."

ఫారం అక్కడే వదిలేసి వచ్చేసింది. వీధి చివర దాకా పిట్ట వెంట నడిచింది.

"అత్తా, నానమ్మ కథలు గుర్తున్నాయా?" అంది ఆ పిల్ల, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి. "రాజు యుద్ధంలో చచ్చిపోయేవాడు. మర్నాడు చెప్పేటప్పటికి పెళ్ళి పీటల మీద ఉండేవాడు. మధ్యలో ఏమైంది నానమ్మా అంటే, 'ఆ ఫారం నాకు రాలేదే, జిగురత్త బల్ల మీదికి పోయింది' అనేది."

చిన్నదానికి ఏడుపులోంచే నవ్వొచ్చింది. ఆ ఇంట్లో పిల్లలందరూ అలాంటి కథలే తిని పెరిగారు. అమ్మ ఏ రోజు ఏ ఫారం మడిస్తే ఆ రాత్రికి ఆ కథ. రాని ఫారం కథ పిల్లలే కల్పించుకోవాలి. రాజు ఎలా బతికాడన్నదాని మీద అన్నా చెల్లెలు కొట్టుకున్న రోజులున్నాయి. తర్వాత మనవరాలి వంతు వచ్చింది.

"రేపు నేను వస్తాను బైండింగుకి," అంది పిట్ట. "నాకు నేర్పు."

*

శుక్రవారం చిన్నది వెళ్ళేసరికి బోర్లించిన దొంతర తిరగబడి ఉంది. జిగురత్త వంకర వేళ్ళతో దాన్ని మడుస్తోంది.

"ఎవరు మడవమన్నారు నిన్ను?"

"నన్ను అడిగేదానివా నువ్వు? నీ పంతం నువ్వు పట్టు. అందులో ఏం రాసున్నా పైన ఫోటో దానిది. ఎల్లుండి మనుషులొచ్చి ఖాళీ చేతులతో పోతే నేను ఊరుకోను." ముసలామె ఇంకో ఫారం లాక్కుంది. "ఆ కుర్రాడు పిన్నులు కొట్టించేద్దాం, గంటలో అయిపోతుంది అన్నాడు. దాని పుస్తకానికి పిన్నులా! తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయని జన్మంతా తిట్టుకుంది వాటిని."

చిన్నది కాసేపు చేతులు కట్టుకుని నిలబడింది. ముసలామె మడత రెండు నూలుపోగులంత పక్కకి పోయింది. ఇంకో ఫారం అలాగే పోయింది. మూడోదానికి చిన్నది చూస్తూ ఉండలేకపోయింది. "ఇలా ఇవ్వు," అంది.

పదింటికి పిట్ట వచ్చింది. చిన్నది ఆ పిల్లని అమ్మ ఎత్తుపీట మీద కూర్చోబెట్టింది. అంచు అంచుకి కలపడం, ముందు మధ్యలో నొక్కి అప్పుడు పక్కలకి పలక జరపడం, దబ్బనంతో మూడు చిల్లులు పొడవడం, దారానికి మైనం పట్టించడం చూపించింది. చివరికి ముడి.

"ముడి బయటికి రాకూడదు," అంది చిన్నది. "లోపల, నడి పేజీలో పడాలి. దారం కొస గోరంత వదిలి కత్తిరించాలి. ఎక్కువ వదిలితే పీక్కుంటారు, తక్కువైతే జారిపోతుంది. నానమ్మ కుట్టిన పుస్తకం నడి పేజీ తీసి చూడు, గోరంత కొస ఉంటుంది. ఆ కొసని చూసి ఇది మా అమ్మదే అని ఎక్కడున్నా గుర్తుపడతాను."

"చదివేవాళ్ళకి తెలియదుగా అత్తా."

"చదివేవాళ్ళకి తెలియకపోవడమే మన పనితనం."

పిట్ట వేలు రెండుసార్లు పొడుచుకుంది. అబ్బా అనలేదు, నోట్లో పెట్టుకుని చప్పరించింది. జిగురత్త ఆ పిల్లని అలాగే చూస్తూ ఉండిపోయింది. "అచ్చం అదే. అదీ అంతే, ఎంత పొడుచుకున్నా చప్పుడు చేసేది కాదు." తర్వాత నోరు ఊరుకోక మొదలుపెట్టింది. "పన్నెండు కొట్టిందంటే మీ నానమ్మకి కాళ్ళు నిలిచేవి కావు. చేతులకి జిగురు కడుక్కుని, వెళ్ళి ఉతికిన బట్టలు కట్టుకుని, ఇంటి గేటు దగ్గర నిలబడి మీ నాన్నకి అన్నం పెట్టి పంపి, మళ్ళీ పాత బట్టల్లో ఇక్కడికి పరుగు. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ దాని వాటా నేను మడిచేదాన్ని."

"బట్టలు మార్చుకోవడం ఎందుకత్తా?" అంది చిన్నది. అమ్మ మధ్యాహ్నం పరుగు ఆమెకీ తెలుసు. తను వీధి బళ్ళో చదువుకునేది, అమ్మ డబ్బాలో పెట్టిచ్చింది తినేది. అమ్మ అన్నం తినడానికే ఇంటికి పరుగెత్తేదనుకుంది ఇన్నాళ్ళూ.

"నన్నడిగితే? మీ అన్నని అడుగు," అని జిగురత్త కుంచె తీసుకుంది. మామూలుగా నోరు మూతపడని మనిషి, ఆ తర్వాత సాయంత్రం దాకా మాట్లాడలేదు.

నూట ఇరవై ఫారాల మడతలు పూర్తయ్యాయి. ఒక్కటీ కుట్టలేదు. ముడి వెయ్యనన్న మాట చిన్నదానికింకా గొంతులో ముల్లులా ఉంది.

*

శనివారం పదకొండింటికి బైండింగు గుమ్మంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు.

ముందుగా చూసింది జిగురత్త. చూసి, చేతిలో ఉన్న అట్ట కింద పెట్టింది. ఆ గుమ్మంలో ఆయన్ని ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అమ్మకి జ్వరం వచ్చి పనిలోంచి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు కూడా వీధి మలుపులో నిలబడి కబురు పెట్టిన మనిషి. ఇప్పుడు చెప్పులు ఎక్కడ విప్పాలో, అసలు విప్పాలో వద్దో తెలియక ఒక చెప్పు విప్పి ఒక చెప్పుతో నిలబడ్డాడు.

"లోపలికి రా అన్నయ్యా. ఇదేం గుడి కాదు," అంది చిన్నది. కోపంగానే అంది.

వచ్చాడు. గది చుట్టూ చూశాడు. దారపు ఉండలు, జిగురు డబ్బాలు, కిటికీ దాకా పేర్చిన ఫారాలు, కత్తిరించిన కాగితం అంచుల కుప్ప. ఆ కుప్ప దగ్గర ఆగి, సన్నటి పొడుగాటి ముక్క ఒకటి తీసి చూసుకున్నాడు. చిన్నప్పుడు ఇంట్లో నోటుపుస్తకాలన్నీ ఆ కొలతవే. అమ్మ వీటినే కుట్టి తెచ్చేది. లెక్కలు నిలువుగా బాగానే పట్టేవి, వ్యాసాలే పట్టేవి కావు.

పిట్ట లేచి ఎత్తుపీట ఇచ్చింది. ఆయన కూర్చోలేదు.

"నేను పెద్ద స్కూల్లో నాలుగో తరగతిలో చేరేటప్పుడు," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా, "ఆ దరఖాస్తు ఫారం ఇంట్లో నేనే నింపాను. నా అక్షరాలు బాగుంటాయని అమ్మ నన్నే రాయమంది. తల్లి వృత్తి అన్నచోట, పుస్తకాలు కుట్టడం అని రాశాను. గొప్పగా రాశాను చిన్నీ, గుండ్రంగా. అమ్మ చదివి, కొట్టెయ్యమంది. గృహిణి అని రాయించింది."

"ఎందుకు?"

"ఆ స్కూల్లో ఇంటి దగ్గర తల్లి ఉన్న పిల్లల్నే చేర్చుకునేవారు. మధ్యాహ్నం ఇంటికెళ్తే అన్నం పెట్టడానికి, చదువు చెప్పడానికి మనిషి ఉండాలని వాళ్ళ రూలు. మొదటి ఏడాది ఇంటికొచ్చి చూసి కూడా వెళ్ళారు. అమ్మ నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. ఎవరడిగినా గృహిణి అనే చెప్పాలి, బైండింగు వైపు తొంగి చూడకూడదు, నీ చదువు దాని మీదే ఉంది అంది. నువ్వు పుట్టి మాటలొచ్చాక నీకు కూడా చెప్పొద్దంది, నీ నోట్లో మాట ఆగదని."

చిన్నదానికి నిన్న జిగురత్త చెప్పింది గుర్తొచ్చింది. ఉతికిన బట్టలు, గేటు, నలభై నిమిషాలు.

"మాట నిలబెట్టుకున్నావు. మంచిదే. కానీ స్కూలు అయిపోయి ఎన్నేళ్ళయింది?" అంది.

అన్నయ్య చేతిలో కాగితం ముక్కని మడిచాడు. విప్పాడు. "నాకు పదకొండేళ్ళప్పుడు ఒకరోజు, స్కూలుకి పుస్తకాలు కావాలంటే మోసేవాడు రాలేదని కట్ట అమ్మే మోసుకొచ్చింది. వరండాలో ఎదురుపడింది. నేను మా సారు పక్కన నిలబడి ఉన్నాను. తల మీద కట్ట, చేతులకి జిగురు. నన్ను చూసి తడబడింది. సారు, 'ఎవరామె, నిన్ను చూస్తోంది?' అన్నారు."

అచ్చుగదిలో పెద్ద మిషను తన పని తాను చేసుకుపోతోంది.

"ఎవరో తెలియదు సార్ అన్నాను."

ఆ మాట అనేసి ఆయన ఎత్తుపీట మీద కూర్చుండిపోయాడు. యాభై ఏడేళ్ళ మనిషి. "అమ్మ కూడా నన్ను ఎరగనట్టే పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నా తల నిమిరి, బాగా చెప్పావురా నాన్నా అంది. అంతే, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడు గృహిణి కాదు అని రాస్తే, మరి ఆ రోజు నేనేం చేసినట్టు? అమ్మ చెప్పమంది కాబట్టే చెప్పాను అనుకుంటే ఇన్నాళ్ళూ నిద్ర పట్టింది. అమ్మ ఏమీ అనుకోలేదు. బాగా చెప్పావంది."

జిగురత్త అంతవరకూ తల వంచుకునే ఉంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. జిగురు ఇంకా కొంచెం అంటుకునే ఉంది.

"ఆ రోజు ఇక్కడికి తిరిగొచ్చింది నాయనా," అంది. "వచ్చి ఆ పీట మీదే కూర్చుంది. 'నా కొడుకు మాట నిలబెట్టుకున్నాడే, ఎంత గట్టివాడో చూడు' అని నాతో ఒకటే మురిసిపోవడం. నవ్వుతూనే ఉంది. నవ్వుతూనే కుట్టింది. సాయంత్రం పాత ఓనరు చూస్తే రెండు పుస్తకాల్లో ఫారం తలకిందులుగా ఉంది. నేను విప్పి మళ్ళీ కుట్టాను, దానికి తెలియనివ్వలేదు. ముప్పై నాలుగేళ్ళలో అది తప్పు కుట్టిన పుస్తకాలు ఆ రెండే."

అన్నయ్య మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చిన్నది పుట్టి బుద్ధెరిగాక చూడలేదు, నాన్న పోయినప్పుడు కూడా. ఏం చెయ్యాలో తోచక ఆ వీపు మీద చెయ్యి వేసింది. రెండు రోజులుగా ఆయన్ని అనాలనుకుని కూడబెట్టుకున్న మాటలు ఇంకా చాలా మిగిలిపోయాయి. ఒక్కటీ పనికిరాలేదు. అమ్మ ఒక ఫారం ఆయనకిచ్చింది, ఒకటి జిగురత్తకిచ్చింది, తనకి ఇంకొకటిచ్చింది. ఎవరికి వాళ్ళు అదే మొత్తం పుస్తకం అనుకున్నారు.

చాలాసేపటికి అన్నయ్య జేబురుమాలు తీసి మొహం తుడుచుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "ఆ వరుస మార్చాలి," అన్నాడు.

"ఇప్పుడా? రేపు సాయంత్రం సభ. మిషను ఖాళీ లేదు."

"దాని మీద తెల్ల కాగితం అతికించేస్తే?" అంది పిట్ట.

"వద్దు," అన్నాడు వెంటనే. "మళ్ళీ దాచినట్టుంటుంది."

జిగురత్త కుంచెతో డబ్బా అంచు మీద టక్కుమని కొట్టింది. "మీరిద్దరూ అచ్చాఫీసు బిడ్డలేనా అసలు? పుస్తకంలో తప్పు పోతే ఏం చేస్తాం? చీటీ వేస్తాం. మీ అమ్మ జన్మలో ఎన్ని తప్పొప్పుల చీటీలు అతికించిందో! పెద్ద పెద్ద పండితుల తప్పులన్నీ అది అతికించినవే."

చిన్నది ముసలామె వైపు నోరు తెరుచుకుని చూసింది. ముప్పై రెండేళ్ళ బైండింగు మనిషికి ఆ ముక్క తట్టలేదు. చీటీ చిన్న మిషను మీద పడుతుంది. కాగితం కూడా కొనక్కర్లేదు, మూల కుప్పగా పడే ఉంది.

అన్నయ్య ఎర్ర పెన్ను తీశాడు. ఎత్తుపీట మీద కూర్చుని, ఒళ్ళో అట్టముక్క పెట్టుకుని రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. బడిలో పిల్లల వ్యాసాలు వేలకి వేలు దిద్దిన మనిషి, నాలుగు వరసల కోసం అన్నానికి కూడా లేవలేదు. రాసిన కాగితం ఎవరికీ చూపించకుండా తనే ఓనరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈలోగా చిన్నది మైనం పట్టించిన దారం సూదిలోకి ఎక్కించి, మొదటి పుస్తకానికి ముడి వేసింది. లోపలికి, నడి పేజీలో, గోరంత కొస వదిలి.

మూడింటికి చీటీలు వచ్చాయి, ఇంకా సిరా వాసన వేస్తూ. నలుగురూ బల్ల చుట్టూ చేరారు. జిగురత్త అంచుకి సన్నగా జిగురు గీస్తుంది, మిగతావాళ్ళు మూడో పేజీ పక్కన అతికించాలి. అన్నయ్య అతికించిన మొదటి పది చీటీలూ పది దిక్కులు చూశాయి. "హెడ్మాస్టరుగారూ, మీ మార్జిన్లు సమానంగా లేవండీ," అంది జిగురత్త. ఆయన నవ్వాడు. ఎడమచేతి మీద జిగురు ఎండి చర్మం బిగుసుకుంటే దాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు, కడుక్కోవడానికి లేవలేదు.

చిన్నది తన వంతు చీటీ చేతిలోకి తీసుకుంది.

*తప్పొప్పులు. మూడో పేజీ, ఏడో వరుస: 'జీవితమంతా ఆమె గృహిణి' అని ఉన్నచోట 'ముప్పై నాలుగేళ్ళు ఆమె పుస్తకాలు కుట్టింది' అని చదువుకోవాలి. ఇది అచ్చుతప్పు కాదు. ఈ పుస్తకం రాసినవాడు ఒకప్పుడు ఆమె ఎవరో తనకు తెలియదన్నాడు. తెలుసు. మా అమ్మ.*

పని చేసేటప్పుడు చదవకూడదు. ఆ సంగతి చిన్నదానికి తెలుసు. అయినా తన చేతికి వచ్చిన ప్రతి చీటీనీ మొదటి నుంచి చివరిదాకా చదివింది, చదివి అతికించింది. ఒక్కటి కూడా వంకర పోలేదు.